ఇంట్లో ఉన్న సరుకులతోనే ఈ చలిలో చిల్లీ వండటం ఎలా?

ప్రశ్న (బొబ్బిలి నుంచి):
పుష్యమాసం చలికి మా వైపు పొద్దు గూకితే గడప దాటబుద్ధి కావడం లేదు. టెక్సాస్‌లో చదువుకుంటూ పండక్కి ఇంటికి వచ్చిన మా అబ్బాయి, అక్కడ చలికాలంలో తినే చిల్లీ అనే చిక్కటి కారపు పులుసుకూరను చేసిపెట్టమని అడుగుతున్నాడు. సంతకు వెళ్లకుండా ఇంట్లో ఉన్నవాటితోనే చేయాలని నా కోరిక. అరకు నుంచి తెచ్చిన ఎర్ర రాజ్మా పావుకిలో, ఎండుమిరపకాయలు, ఉల్లిపాయలు, వెల్లుల్లి, జీలకర్ర, వాము, చింతపండు, బెల్లం, చోడి (రాగి) పిండి ఉన్నాయి. టమాటాలు, మాంసం లేవు. పోయిన నెల ఇదే రాజ్మాను రాత్రంతా నానబెట్టి, చింతపండు పులుసులోనే వేసి రెండు గంటలకు పైగా మరిగించినా గింజ పంటి కింద గట్టిగానే తగిలింది, పులుసేమో నీళ్లలా పలచగా ఉండిపోయింది. ఎక్కడ పొరపాటు జరిగిందో అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

జవాబు (పలాస నుంచి):
అమ్మా, పొరపాటు చింతపండు దగ్గరే జరిగింది. పులుపు తగిలితే గింజలోని కణాలను పట్టి ఉంచే పదార్థం కరగదు కనుక, ఎంతసేపు మరిగించినా గింజ విచ్చుకోదు. బెల్లం కూడా గింజను గట్టిపరిచేదే, అందుకని ఆ రెండింటినీ గింజ పూర్తిగా ఉడికిన తరువాతే వేయండి. గింజలు పాతవైతే నానబెట్టే నీళ్లలో చిటికెడు వంటసోడా వేయవచ్చు.

మరొక మాట, ఇది రుచి కన్నా ముఖ్యమైనది. ఎర్ర రాజ్మాలో సహజంగానే ఒక విషపదార్థం ఉంటుంది, సరిగా ఉడకని గింజలు తింటే కొద్ది గంటల్లోనే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. ఎనిమిది గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు, వీలైతే అరగంట తెర్లేలా మరిగించాలి. కట్టెల పొయ్యి మీద సన్నని సెగకు వదిలేసి పడుకోవడం మాత్రం వద్దు, ఎందుకంటే మరగని వేడిలో ఆ విషం తగ్గకపోగా పెరుగుతుంది. ప్రెషర్ కుక్కర్ ఉంటే ఈ దిగులు లేదు. ఉడికిందో లేదో చూడటానికి రెండు గింజలను గరిటెలోకి తీసి ఊదండి: తొక్క ముడత పడి లేచి వస్తే అప్పుడు చింతపండు రసం పోయవచ్చు.

జవాబు (శ్రీకాకుళం నుంచి):
నేను కొన్నేళ్లు టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఉన్నాను. చిల్లీని టెక్సాస్ రాష్ట్రం 1977లో తన అధికారిక వంటకంగా ప్రకటించుకుంది. అక్కడి పాతకాలపు పద్ధతిలో మాంసమే తప్ప గింజలు వేయరు. ఐనా మిగతాచోట్ల రాజ్మాతో విరివిగా వండుతారు కనుక మీకు సంకోచం అక్కర్లేదు. అక్కడ చిల్లీ పొడి అని అమ్మేది మన కారం కాదు, మిరపతోపాటు జీలకర్ర, వెల్లుల్లి, ఒరెగానో ఆకు కలిపిన మసాలా. అందుకే కారం గుమ్మరిస్తే ఘాటు వస్తుందే గాని ఆ వాసన రాదు.

ఆరు ఎండుమిరపకాయల గింజలు దులిపి, పెనం మీద కమ్మని వాసన వచ్చేంతవరకే వేయించి (నల్లబడితే చేదు), వేడినీళ్లలో నానబెట్టి వెల్లుల్లితో మెత్తగా రుబ్బండి. ఉల్లిపాయలను నూనెలో ఎర్రగా వేగనిచ్చి, ఈ ముద్దతోపాటు రెండు చెంచాల జీలకర్ర పొడి వేసి నూనె తేలేవరకు వేయించాలి. ఒరెగానో బదులు వాము పావు చెంచా నలిపి వేయండి, పెరట్లో వామాకు ఉంటే అది ఇంకా దగ్గరగా ఉంటుంది. ఆ తరువాత ఉడికిన రాజ్మాను నీళ్లతో సహా పోయాలి.

చిక్కదనానికి అక్కడివారు మొక్కజొన్న పిండి కలుపుతారు. మన చోడి పిండి ఆ పనిని చక్కగా చేస్తుంది. రెండు చెంచాల పిండిని చల్లటి నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి పోసి, అంబలి కాచినట్టే కలియబెడుతూ పచ్చివాసన పోయేవరకు పది నిమిషాలు ఉడికించండి. గుప్పెడు రాజ్మాను గరిటెతో గిన్నె గోడకు అదిమి మెదిపితే మరింత చిక్కబడుతుంది.

ప్రశ్న అడిగినవారు (మరునాటి రాత్రి):
ఇద్దరికీ కృతజ్ఞతలు. కుక్కర్‌లో ఉడికించి, ఊది చూసి, తొక్క లేచాకే పులుసు పోశాను. గింజ వేళ్ల మధ్య నలిగిపోయింది, చోడి పిండితో పులుసు గరిటెకు పట్టింది. మా అబ్బాయి వాము వాసన కొంచెం ఎక్కువైందన్నాడు గాని, వేడన్నంలో రెండోసారి వడ్డించుకున్నాడు. మిగిలినది పొద్దుటికి ఇంకా చిక్కబడుతుందా, అప్పుడు నీళ్లు పోసి మళ్లీ మరిగించవచ్చా?

జవాబు (పలాస నుంచి):
చిక్కబడుతుందమ్మా. చల్లారాక మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, పొద్దున్న వేడినీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ అడుగంటకుండా మరిగించండి. ఉప్పు అప్పుడు చూసి వేసుకోండి.