అప్‌డేట్: మంగళయాన్ మొదటి ఫొటో వచ్చేసింది

ఇస్రో పంపిన మంగళయాన్ అంగారకుడి చుట్టూ తిరిగే కక్ష్యలోకి చేరాక మొదటి ఫొటో ఎప్పుడొస్తుంది, అందులో ఎంత వివరం కనిపిస్తుంది అని మొన్న అడిగాను కదా. 2014 సెప్టెంబర్ 24 పొద్దున కక్ష్యలో పడింది, 25కే ఇస్రో ఫొటో బయటపెట్టింది. వారం పడుతుందని పందెం కాసినవాళ్లు మిర్యాలగూడకొచ్చి చాయ్ తాగించాలి!

7,300 కిలోమీటర్ల ఎత్తు నుంచి తీశారట, ఫొటోలో ఒక్కో చుక్క (పిక్సెల్) అంటే నేల మీద 376 మీటర్లు. ఈ లెక్క నా బుర్రకెక్కలేదు. మా బాపు ఒక్క మాటలో తేల్చాడు: మన నాగార్జున సాగర్ రాతి డ్యామ్ పొడవు దాదాపు 1,450 మీటర్లు, అంటే నాలుగు చుక్కల్లో అయిపోతుంది. అయినా నారింజ రంగు నేల మీద ఆ గుంతలు చూస్తుంటే కడుపు నిండింది.

కక్ష్య బాగా సాగదీసినట్టుంటుంది, దగ్గరికొచ్చినప్పుడు ఎత్తు సుమారు 420 కిలోమీటర్లే. ఒక్క చుట్టు తిరగడానికి మూడు రోజులు. తర్వాతి ఫొటో కోసం మళ్లీ టెన్షన్ మొదలు.