కండలేరు క్రీక్‌లో పెద్ద పండుగప్పకు ఏ ల్యూర్ (కృత్రిమ ఎర) వేయాలి?

కృష్ణపట్నం ఎగువన కండలేరు క్రీక్‌లో ల్యూర్‌తో పండుగప్ప కోసం చూస్తున్నాను. తెల్లవారుజామున, పోటు తిరిగి ఆటు మొదలయ్యే వేళ, మడ చెట్ల అంచున వేస్తున్నా. వానలకు నీళ్లు బాగా మట్టిగా ఉన్నాయి, చెయ్యి ముంచితే వేళ్లు కనపడవు.

మొదట 12 సెం.మీ. వెండిరంగు మినో (చిన్న చేప ఆకారపు గట్టి ల్యూర్) వేశా, తర్వాత 4 అంగుళాల తెల్ల రబ్బరు చేప, 14 గ్రాముల జిగ్‌హెడ్‌తో (తల దగ్గర బరువున్న గాలం). లైన్ 30 పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), లీడర్ (ల్యూర్ దగ్గర కట్టే దారం) 40 పౌండ్లు. నెమ్మదిగా లాగాను, ఆపి ఆపి లాగాను. చేప ల్యూర్ వెంట ఒడ్డు దాకా వచ్చి, నీళ్లు చిమ్మి వెనక్కి పోతోంది, నోరు మాత్రం పెట్టదు. పక్కనే బతికున్న రొయ్య గుచ్చినవాళ్లకు పడుతోంది కాబట్టి చేపకు కొదవ లేదు. ఈ సీజన్‌లో ల్యూర్ మీదే ఒక పెద్దది పట్టాలని చాలా ఆశగా ఉంది.

ఇలాంటి మట్టినీళ్లలో పండుగప్పకు మీకు పనిచేసిన ల్యూర్ ఏ రంగు, ఏ సైజు?