ఎనిమిదో తరగతి పిల్లలకి ఎక్కాలు రావట్లేదు, కంప్యూటర్ ఆటతో నేర్పిస్తే తప్పా?

లెక్కల టీచర్, ప్రకాశం జిల్లా:

నమస్కారం అండి. నేను ఒక జెడ్పీ హైస్కూల్లో ఎనిమిదో తరగతికి లెక్కలు చెప్తాను. క్లాసులో 42 మంది. సగం మంది ఏడో ఎక్కం దగ్గరే తడబడతారు. వర్గమూలం మొదలుపెడితే భాగహారం రాదు, భాగహారానికి వెనక్కి వెళ్తే ఎక్కాలు రావు.

మా బడిలో ఆరు పాత కంప్యూటర్లు పనిచేస్తున్నాయి. నెట్ లేదు. దసరా సెలవులు అయ్యాక వాటిలో టక్స్ మ్యాథ్ అనే ఉచిత ఆట ఎక్కించాను. పైనుంచి తోకచుక్కలు పడుతుంటాయి. ఒక్కోదాని మీద 7 × 8 లాంటి లెక్క ఉంటుంది. జవాబు కొట్టి ఎంటర్ నొక్కితే తోకచుక్క పేలిపోతుంది, ఆలస్యమైతే కింద పెంగ్విన్ల మంచు ఇంటి మీద పడుతుంది. వారానికి రెండు పీరియడ్లు ఆడిస్తున్నాను. గంట కొట్టినా పిల్లలు లేవట్లేదు. లెక్కల పీరియడ్‌లో నేను అలాంటిది ఎప్పుడూ చూడలేదు.

కానీ మనసు కుదుటగా లేదు. ఒక అమ్మాయి కాగితం మీద అన్నీ సరిగ్గా చేస్తుంది. ఆట ముందు కూర్చోగానే వేళ్లు కదలవు. మొన్న ఏడ్చేసింది. ఇంకోటి, ఒక్కో కంప్యూటర్‌కి ఏడుగురు. కీబోర్డు ఎప్పుడూ ఒక్క మగపిల్లాడి చేతిలోనే ఉంటుంది, ఆడపిల్లలు వెనక నిలబడి చూస్తారు. అది చాలదన్నట్టు ఇంకో అమ్మాయి వాళ్ల నాన్న వచ్చి, "ఇంట్లో ఫోను లాక్కోలేక చస్తున్నాం, బడికి పంపితే మీరూ ఆటలే ఆడిస్తారా?" అని అడిగారు. ఏం చెప్పాలో తెలియలేదు. హెచ్.ఎం. గారేమో సిలబస్ అయ్యాక చూద్దాం అంటున్నారు.

క్లాసులో నిజంగా ఆటలు వాడినవాళ్లు ఉంటే చెప్పండి. మానేయనా, మార్చనా?

రిటైర్డ్ మాస్టారు, కరీంనగర్:

మానేయకండి మేడమ్. ముందు ఆ అమ్మాయి సంగతి చూడండి. ఆ ఆట వేగాన్ని కొలుస్తుంది. ఆ పాపకి ఎక్కం వచ్చు, వేగం రాదు. ఆ రెండూ ఒకటి కాదు. వేగం బాగా తగ్గించి, మొదట అంకెలు టైపు చేయించే పాఠాలు ఆడించండి. కీబోర్డు మీద 5 ఎక్కడుందో వెతుక్కునే పిల్లకి 5 × 9 ఎంతో తెలిసినా లాభం లేదు కదా. అప్పటికీ భయపడితే వదిలేయండి, కాగితం మీదే చేయనివ్వండి.

ఒక కంప్యూటర్‌కి ఏడుగురు అన్నారు. 1971లో అమెరికాలోని మిన్నెసోటాలో ముగ్గురు ట్రైనీ టీచర్లు చరిత్ర పాఠం కోసం ఓరెగాన్ ట్రెయిల్ అనే ఆట రాశారు. ఎడ్లబండ్లు కట్టుకుని పడమటికి వలస వెళ్లిన కుటుంబాల కథ అది. అప్పుడు స్క్రీన్ కూడా లేదు, టైపు మిషను లాంటి టెలిటైప్ ఒకటే. దాని చుట్టూ చేరిన పిల్లలు పనులు పంచుకున్నారు. ఒకరు మ్యాపు చూసేవారు, ఒకరు డబ్బు లెక్క రాసేవారు, వేగంగా టైపు చేసేవాళ్లు వేట చూసుకునేవారు. ఎంత తిండి కొనాలి, ఎంత దాచుకోవాలి అని వాదించుకోవడంలోనే పాఠం అయిపోయేది.

ఇది చదివాక నా క్లాసులో ఒక నియమం పెట్టాను. కీబోర్డు ముందున్నవాళ్లు జవాబు చెప్పకూడదు, జవాబు చెప్పేవాళ్లు కీబోర్డు ముట్టుకోకూడదు. అయిదు నిమిషాలకోసారి మార్పు. మొదటి రోజు గోల గోల. మూడో రోజుకి కుదురుకున్నారు. మాట్లాడని పిల్లల గొంతు నేను అప్పుడే విన్నాను.

ఎక్కాలకి టక్స్ మ్యాథ్ చాలు, కానీ అక్కడే ఆగకండి. లువాంటి అని ఒకటుంది. 2024 దాకా మైన్‌టెస్ట్ అనేవారు. మైన్‌క్రాఫ్ట్ లాగే దిమ్మలు పేర్చి కట్టే ఆట. ఉచితం, నెట్ అక్కర్లేదు. నేను ఘనపరిమాణం దానితోనే చెప్పేవాణ్ణి. పొడవు 4, వెడల్పు 3, ఎత్తు 2 దిమ్మలతో గట్టి దిబ్బ కట్టమంటే 24 అని వాళ్లే లెక్కపెడతారు. తర్వాత అన్ని కొలతలూ రెట్టింపు చేయమనండి. 48 వస్తుందని పందెం కాస్తారు, తీరా కడితే 192. నేను బోర్డు మీద ఎన్నేళ్లు చెప్పినా ఎక్కనిది అక్కడ ఎక్కింది. కానీ అక్కడ ఆట ఆపించి, ఎందుకు ఎనిమిది రెట్లయిందో నోట్సులో రాయించాలి. రాయించని రోజు మరుసటి రోజుకి ఏమీ మిగలలేదు.

హెచ్.ఎం. గారికి మాటలు చెప్పకండి. ఈ వారమే 20 గుణకారాలు కాగితం మీద పెట్టండి. నెల తర్వాత మళ్లీ అవే పెట్టి, రెండు కట్టలూ ఆయన బల్ల మీద పెట్టండి.

గోడౌన్ ట్రైనర్, మేడ్చల్:

నేను టీచర్ని కాను, ఫోర్క్‌లిఫ్ట్, అంటే ముందున్న ఇనుప ఫోర్కులతో సరుకు ఎత్తే బండి నడపడం నేర్పిస్తాను. మాస్టారు వేగం గురించి అన్నది నేను కళ్లారా చూశాను.

నేను ఇదివరకు పనిచేసిన చోట కొత్తవాళ్లని ముందు సిమ్యులేటర్ మీద, అంటే బండి నడిపినట్టే ఉండే మిషను మీద కూర్చోబెట్టేవాళ్లం. అది అచ్చం వీడియో గేమే. త్వరగా ముగిస్తే ఎక్కువ పాయింట్లు. కుర్రాళ్లు పోటీలు పడి ఆడారు. బయటికొచ్చి నిజం బండి ఎక్కాక కూడా మలుపుల్లో అదే తొందర. ఒకతను పాలెట్‌తో, అంటే సరుకు పేర్చే చెక్క పలకతో ర్యాక్‌ని గుద్దాడు. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. తర్వాత టైముకి పాయింట్లు తీసేశాం. మలుపు దగ్గర హారన్ కొట్టావా, ఫోర్కులు దించి నడిపావా, వెనక్కి తిరిగి చూశావా, వీటికే పాయింట్లు. అదే మిషను, అదే కుర్రాళ్లు, నడక మారిపోయింది. ఆట దేన్ని లెక్కపెడితే మనిషి దాన్నే నేర్చుకుంటాడు మేడమ్.

ఆ నాన్నగారికి ఒక మాట చెప్పండి. 1929లో ఎడ్విన్ లింక్ అనే ఆయన తన తండ్రి పియానోల ఫ్యాక్టరీలో, ఆర్గాన్ అనే వాద్యంలో వాడే గాలి తిత్తులతో, పైలట్లకి నేర్పడానికి నేల మీదే ఊగే నమూనా విమానం చేశారు. మొదట్లో అది ఎక్కువగా వినోదాల పార్కులకే అమ్ముడుపోయింది. 1934లో టపా మోస్తూ సైనిక పైలట్లు వరసగా చనిపోయాక అమెరికా సైన్యం ఆరు కొన్నది. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో లక్షల మంది పైలట్లు దాని మీదే నేర్చుకున్నారు.

లెక్కల టీచర్, ప్రకాశం జిల్లా:

మూడు వారాలయింది, చెప్పాలని వచ్చాను. పేపరు పరీక్ష పెట్టి కట్ట దాచాను. కీబోర్డు నియమం మూడో రోజుకి కాదు, ఆరో రోజుకి కుదిరింది. ఆ అమ్మాయికి వేగం తగ్గించాను. ఇప్పుడు నెమ్మదిగా ఆడుతోంది.

ఆ నాన్నగారిని బడికి పిలిచాను. ఆయన తాపీ మేస్త్రి. పైలట్ల సంగతి చెప్తే తలూపారంతే. ఆ రోజు వాళ్ల అమ్మాయి లువాంటిలో నీళ్ల తొట్టి కట్టింది. దిమ్మ ఒక మీటరు అనుకుని, బయటి కొలతలు 6, 5 వేసుకుని, లోపల నీళ్ల లోతు 2 తీసుకుని 60 ఘనపు మీటర్లు అని చెప్పింది. ఆయన వెనక నిలబడి చూస్తూ, "గోడ మందం తీసెయ్యమ్మా, నీళ్లు లోపల కదా ఉండేది" అన్నారు. పిల్ల రెండు వైపులా ఒక్కో దిమ్మ తీసేసి 4, 3, 2 అని మళ్లీ కట్టింది. 24 ఘనపు మీటర్లు, అంటే 24,000 లీటర్లు. ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, "మరి ప్లాస్టరింగ్‌కి రెండు సెంటీమీటర్లు పోతుంది, అది ఎలా తీస్తావు?" అని అడిగారు. దిమ్మల్లో అది కుదరదు. ఆ లెక్క నోట్సులో చేస్తున్నారు ఇప్పుడు, క్లాసంతా.