లంచం దేశాన్ని బట్టి ఎందుకు మారుతుంది? సరిహద్దు జిల్లాల తెలుగువాళ్లు మీ అనుభవాలు రాయండి

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ట్రాన్స్‌పరెన్సీ ఇంటర్నేషనల్ అనే సంస్థ దేశాల అవినీతిపై ఇచ్చే 2024 సూచికలో డెన్మార్క్‌కు నూటికి 90 మార్కులు, మన దేశానికి 38. మార్కులు ఎక్కువైతే అవినీతి తక్కువని అర్థం. లంచాలను లెక్కపెట్టి వేసినవి కావు, నిపుణుల, వ్యాపారుల అభిప్రాయాలను బట్టి వేసినవి. అయినా ఇంత తేడాను కొట్టిపారేయలేం. దేశాల దాకా ఎందుకు, మాకు పాతపట్నం పక్క ఊరే, కానీ అది ఆంధ్రలో ఉంది. అదే మాట, అవే చుట్టరికాలు. మా పొలం ఒడిశాలో ఉంది, మేనత్త వాళ్లది అటు ఉంది. రెండు వైపులా రెవెన్యూ కార్యాలయాల చుట్టూ తిరిగాను. ఇక్కడ డబ్బు లేనిదే కదలని కాగితం అక్కడ ఆన్‌లైన్‌లో వచ్చేసింది. అక్కడ చేయి తడపవలసి వచ్చిన పని ఇక్కడ ఊరికే అయింది. మనుషుల స్వభావమే కారణమైతే ఇలా ఎందుకుంటుంది?

బరంపురం పట్టు (గంజాం):
స్వభావం కాదంటే నేను ఒప్పుకోను. ఉద్యోగం వచ్చిన కుర్రవాడికి పై సంపాదన ఎంతుంటుందని పెళ్లి సంబంధాల వాళ్లే అడుగుతున్నారు. సిగ్గుపడవలసిన దాన్ని గొప్పగా చెప్పుకునే చోట చట్టం ఏం చేయగలదు?

పాఠాల పంతులు (జయపురం):
మీ ఇద్దరి మాటకూ ఒకే ఉదాహరణ ఉంది. న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి దౌత్యవేత్తలు కారు ఎక్కడ ఆపినా జరిమానా కట్టించే వీలు ఉండేది కాదు. ఫిస్మన్, మిగెల్ అనే ఆర్థికవేత్తలు 1997 నుంచి 2002 దాకా కట్టని జరిమానాలను దేశాలవారీగా చూశారు. కువైట్, ఈజిప్టు వాళ్లవి కుప్పలుగా ఉన్నాయి. స్వీడన్, నార్వే వాళ్లవి ఒక్కటీ లేదు. అంటే బరంపురం వారన్నట్టు సొంత దేశపు అలవాటు మనిషి వెంట వస్తుంది. కానీ 2002లో నగరం ఆ కార్ల నంబరు పలకలు తీసేసుకోవడం మొదలుపెట్టగానే ఉల్లంఘనలు దాదాపు ఆగిపోయాయి. స్వభావం రాత్రికి రాత్రి మారదు కదా, మారింది శిక్షే.

నాగావళి గట్టు (రాయగడ):
పంతులు గారూ, కారు ఆపేవాడు ఒక్కడే. మా దగ్గర జరిగేది ఒక్కడి పని కాదు. నేను కొంతకాలం ఒక రోడ్డు కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాశాను. ఒడిశాలో 'పి.సి.' (పర్సంటేజీ) అంటే ఏమిటో పల్లెల్లో కూడా తెలుసు. బిల్లు ఏ బల్ల దగ్గర ఆగుతుందో ఆ బల్లకు ఇంత శాతం. ఎవరూ నోరు తెరిచి అడగరు, ఎవరికెంతో ముందే తెలుసు. తన వాటా వద్దన్న ఇంజనీరు ఒకాయన వచ్చారు. పంపకం ఆగలేదు, ఆయనకే బదిలీ అయింది. బదిలీ చేయించే శక్తి నాయకుడిది. ఆ నాయకుడికి ఎన్నికల్లో ఊరూరా పంచడానికి డబ్బు కావాలి. అది రోడ్డు మీద పడవలసిన తారులోంచే వస్తుంది. ఒక్క వానాకాలానికి ఆ రోడ్డు కొట్టుకుపోయి, అంబులెన్సు రాలేక ఒక గర్భిణిని డోలీలో మోసుకెళ్లారు. ఆ తర్వాత అక్కడ పని చేయడం నా వల్ల కాలేదు.

పాఠాల పంతులు:
చదివి మనసు పాడైంది. ఇండోనేషియాలో రోడ్ల మీదే ఒక ప్రయోగం జరిగింది. బెంజమిన్ ఓల్కెన్ అనే ఆర్థికవేత్త 600కు పైగా పల్లెల్లో వేసిన రోడ్లను తవ్వించి, ఎంత సామగ్రి పడిందో లెక్కగట్టారు. ప్రభుత్వ ఆడిట్ తప్పక వస్తుందని ముందే చెప్పిన ఊళ్లలో మాయమయ్యే ఖర్చు 8 శాతం పాయింట్లు తగ్గింది. ఊరి సభలకు జనాన్ని పిలిచి లెక్క అడగమన్న చోట సగటున పెద్ద తేడా రాలేదు. మరో సంగతి, ఆడిట్ ఉన్న ఊళ్లలో బంధువులకు పనులు ఇప్పించుకోవడం పెరిగింది.

ప్రాణహిత (సిరోంచ):
ఆడిట్ చేసేవాడు ఎవరి చేతి కింద ఉన్నాడు? నాకు అసలు ప్రశ్న ఇదే. హాంకాంగ్‌లో ఒకప్పుడు పోలీసులే ముఠాలు కట్టి మామూళ్లు పంచుకునేవారు. 1974లో పోలీసులతో సంబంధం లేకుండా, నేరుగా గవర్నరుకే జవాబు చెప్పే సంస్థను పెట్టారు. 1977లో పోలీసులు తిరగబడితే పాత నేరాలను చాలావరకు క్షమించవలసి వచ్చింది. అయినా సంస్థ నిలిచింది, నగరం మారింది. మన అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షను ప్రకారం కోర్టు కేసును చేపట్టాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. 2018లో చేర్చిన 17ఏ ప్రకారం అధికారి తీసుకున్న నిర్ణయంపై దర్యాప్తు మొదలుపెట్టాలన్నా ముందు అనుమతి కావాలి. నాగావళి గారు చెప్పిన వాటా పైదాకా వెళ్తుంటే ఆ అనుమతి ఎవరిస్తారు?

బరంపురం పట్టు:
వాటా వద్దన్న ఆ ఇంజనీరు మీదే రేపు ఎవరైనా తప్పుడు ఫిర్యాదు పెడితే? ఆ రక్షణ ఆయనకూ కావాలి కదా.

ప్రాణహిత:
కావాలి. అనుమతి ఉండనివ్వండి, ఇచ్చేది మాత్రం ప్రభుత్వం చేతిలో లేని సంస్థ కావాలి.

కొటియా దారి (కొరాపుట్):
మా వైపు ఊళ్లను ఒడిశా, ఆంధ్ర రెండూ తమవే అంటాయి. చాలామందికి రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉన్నాయి. పింఛను కాగితానికి ఒకవైపు ఉద్యోగి డబ్బడిగితే, మా అమ్మమ్మ రెండో రాష్ట్రం వాళ్ల దగ్గరికే పోతానంది. మర్నాడు మనిషిని పంపించి మరీ సంతకం పెట్టించుకున్నారు. పని చేసిపెట్టే దారి ఒక్కటే అయితే ఆమెకు ఆ బలం ఎక్కడిది? పట్టా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇది తిరగబడుతోంది. ఎవరిచ్చిన పట్టా చెల్లుతుందో తెలియక జనం ఇద్దరికీ సమర్పించుకుంటున్నారు. ఇలాంటి ఊళ్లలో డబ్బివ్వకుండా పట్టా తెచ్చుకున్నవాళ్లు ఉంటే, ఏ కార్యాలయంలో ఏ కాగితాలు పెట్టారో రాయండి. జీవతి వైపు ఊళ్లలో కూడా మహారాష్ట్ర, తెలంగాణల మధ్య ఇదే చిక్కు ఉంది. ప్రాణహిత గారూ, మీకు అక్కడ తెలిసినవాళ్లు ఉన్నారా?