వానలు పడ్డాక నేల గాలిలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ మొత్తం 21 శాతం కన్నా ఎందుకు తగ్గుతోంది?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర. భూగర్భంలో కార్బన్ డయాక్సైడ్ దాచే చోట్ల లీకు ఎలా పసిగడతారో ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా నేర్చుకుంటున్నాను. ఇక్కడ అలాంటి నిల్వేమీ లేదు. మామూలు నేల ఎలా ఉంటుందో తెలియాలని మా జీడితోటలో మీటరు లోతుకి సన్న గొట్టం దించి, సిరంజితో గాలి లాగి కొలుస్తున్నాను.

ఒక్క కార్బన్ డయాక్సైడే చూస్తే మోసపోతాం. వేర్లు, సూక్ష్మజీవులు కూడా దాన్ని వదులుతాయి కదా. 2011లో కెనడాలోని వేబర్న్ దగ్గర ఒక పొలంలో లీకని పెద్ద గొడవైంది, పరీక్షిస్తే అది నేలలో సహజంగా పుట్టిందేనని తేలింది. నేల శ్వాసే అయితే ఆక్సిజన్ తగ్గినంత మేరా కార్బన్ డయాక్సైడ్ పెరిగి, రెండూ కలిపి 21 శాతం దగ్గరే ఉండాలి (బయటి గాలిలో ఆక్సిజన్ అంతే ఉంటుంది). దాచిన వాయువు కింది నుంచి ఎగదన్నితే మొత్తం 21 దాటి, నైట్రోజన్ పలచబడుతుంది.

ఎండల్లో లెక్క చక్కగా కుదిరింది. వానలు మొదలయ్యాక మొత్తం 18కి దిగింది, నైట్రోజన్ 81 దాకా పోయింది. తడి ఎర్రమట్టి గొట్టం కన్నాలకు పూసుకుపోయి సిరంజి బిగుసుకుంటోంది. బయటి గాలి దూరిందని మావాళ్లంటున్నారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను, గాలి కలిసినా మొత్తం 21 చెదరదు. కార్బన్ డయాక్సైడ్ నేల నీటిలో కరుగుతోందని నా అనుమానం. రుజువుకి ఏం కొలవాలి? కార్బన్ ఎక్కడి నుంచి వచ్చిందో పట్టించే కార్బన్-13 పరీక్ష నా స్తోమతకు మించింది. నీటి పీహెచ్, ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే గుణం) చూస్తే చాలా? ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి.