పిల్లల్లో ఎదుగుదల లోపం: ఆశాలకు ఒక్కరోజు శిక్షణలో ఏం నేర్పాలి?

కనిగిరి_ఏఎన్ఎం:
వచ్చే వారం మా మండలంలో ఆశాలకి, కొత్త వాలంటీర్లకి శిక్షణ ఉంది. పోయినసారి స్లైడ్లేసి "మొదటి వెయ్యి రోజులు" (కడుపులో పడ్డప్పటి నుంచి రెండేళ్ల దాకా) అని చెప్పి పంపారు. తీరా ఊళ్లోకెళ్తే పొడవు కొలవడానికి బిడ్డను కొలతబల్లమీద పడుకోబెట్టడం చాలామందికి రాలేదు. మీ దగ్గర ఏం పనిచేసింది?

పొదిలి_సూపర్‌వైజర్:
ముందు కొలత నేర్పండి. రెండేళ్లలోపు బిడ్డను పడుకోబెట్టే కొలవాలి. నిలబెడితే 0.7 సెంటీమీటర్ల దాకా తగ్గుద్ది, బాగున్న బిడ్డ కూడా పొట్టి లెక్కలోకి పోతాడు. పిలక విప్పించాలి. ఒకరు తలను పలకకు ఆనించి, చూపు నేరుగా పైకుండేట్టు పట్టుకోవాలి. రెండోవాళ్లు మోకాళ్లు మెల్లగా అదిమి, అడుగుపలక మడమలకు తగిలించాలి. బొమ్మతో వద్దు, ఏడ్చే బిడ్డతోనే నేర్పండి. ఒకే బిడ్డను రెండు జట్లతో కొలిపించి, తేడా బోర్డుమీద రాయండి. ఇంక లెక్చరక్కర్లేదు.

కావలి_ఆశా:
కొలత సరే అక్కా, తర్వాత మాటే కష్టం. "వాళ్ల నాయనా పొట్టే గదా" అంటారు మా పట్టపుపాలెంలో (జాలర్ల ఊరు). పుట్టినప్పుడు సుమారు 50 సెంటీమీటర్లు, ఏడాదికి 75 దాకా రావాలని చెప్పి, నోటులో రాసిన కొలతలు చూపిస్తుండా. తిండి గురించైతే గిన్నె చూపించమంటా. ఏడో నెల బిడ్డకి గంజినీళ్లు! స్పూను వంచితే జారిపోయేదాంతో ఏం బలమొస్తది? సముద్రం పక్కనే ఉండి నెత్తళ్లు పెట్టరు, ముల్లని భయం. ఉప్పు పట్టించకుండా ఎండబెట్టినవి వేయించి, మెత్తగా పొడికొట్టి, జల్లించి, అన్నంలో కలిపి చూపించాక ఇద్దరు ముగ్గురు మొదలుపెట్టారు.

దోర్నాల_టీచర్:
మా వైపు అమ్మలు గుంటూరు మిరపకోతలకి పోతారు, బిడ్డ అవ్వ దగ్గరే. అవ్వతో మాట్లాడటం నేర్పండి. అంగన్‌వాడీలో చిన్నబిడ్డకిచ్చే బాలామృతం పిండి ప్యాకెట్టు 2.5 కిలోలు, ఇంట్లో పెద్దపిల్లలే సగం లాగించేస్తారు. కసిరితే మళ్లీ నిజం చెప్పరు. విరేచనాలప్పుడు తిండి మానిపించే అలవాటు కూడా పోవాలి: ఓఆర్‌ఎస్, 14 రోజులు జింకు, తిండి మామూలుగా.

కందుకూరు_పాతకాపు:
2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన ఆంధ్రలో ఐదేళ్లలోపు పిల్లల్లో ఎదుగుదల లోపం 31 శాతం, 2019-21లోనూ 31 శాతమే. పదహారేళ్లకే పెళ్లి చేసి, రక్తం లేని పిల్ల కడుపుతో ఉంటే, పుట్టాక బల్లమీద కొలిచి ఏం లాభం? గర్భిణి ఇంటికెళ్లడం దగ్గర మొదలుపెట్టండి. ఆ రికార్డుల్లో ఎంట్రీల పని తగ్గిస్తే ఆశాలకి వెళ్లే తీరికన్నా ఉంటది.

కనిగిరి_ఏఎన్ఎం:
అందరికీ థాంక్స్. పొద్దున కొలతలు, మధ్యాహ్నం ఇళ్లకి. మరి అంతమంది పిల్లల్ని ఎక్కడ తేవాలి?

పొదిలి_సూపర్‌వైజర్:
బుధవారం పెట్టుకోండి, టీకాలకి తల్లులే తెస్తారు. సూది పడకముందే కొలిపించండి మాత్రం!