కొండ ఎందుకు ఎక్కుతారు మీరు?

మద్దిలపాలెం_కుర్రోడు: ఆదివారం కూడా నాలుగింటికి లేచి కొండల వెంట పడతావెందుకని మా ఆవిడ అడిగింది. నోట మాట రాలేదు. మీరెందుకు ఎక్కుతారు? షూ ఏవి మంచివో కూడా చెప్పండి.

గోపాలపట్నం_మామ్మ: నాకు షుగరు బాబూ. డాక్టరు నడవమంటే సింహాచలం మెట్లు పట్టుకున్నాను. మొదట్లో సగంలోనే కూలబడేదాన్ని. ఇప్పుడు మనవడే ‘మామ్మా, కాసేపు కూర్చుందాం’ అంటాడు. ఆ మాట కోసమే ఎక్కుతున్నా.

ఐస్_యాక్స్: మెట్లెక్కడం కొండెక్కడం కాదండీ. ఉత్తరకాశీలో 28 రోజుల పర్వతారోహణ బేసిక్ కోర్సు చేసినవాణ్ణి, చెబుతున్నా. మన దగ్గర కొండంటే దేవ్‌మాలి. తూర్పు కనుమల్లో అన్నిటికంటే అదే ఎత్తు.

పాడేరు_కాఫీ: ఆగండాగండి. దేవ్‌మాలి 1672 మీటర్లు, మా అరమకొండ 1680. కోర్సులో చెప్పలేదా?

ఐస్_యాక్స్: కొరాపుట్‌లో ఎవరినైనా అడగండి, దేవ్‌మాలే అంటారు.

పాడేరు_కాఫీ: ఒడిశాలో అదే ఎత్తు, కాదనలేదు. తూర్పు కనుమలన్నీ ఒడిశాలోనే ఉన్నాయా? పైగా దేవ్‌మాలి పైదాకా కార్లు పోతాయి. మెట్లెక్కే మామ్మగారిని వెక్కిరించి, కార్లెక్కే కొండను పొగుడుతున్నారు!

ఐస్_యాక్స్: ఎనిమిది మీటర్లకి ఇంత రచ్చా? తాటిచెట్టంత కూడా లేదు.

పాడేరు_కాఫీ: అంత చిన్నదైతే ఒప్పేసుకోవచ్చుగా.

భీమిలి_గాలి: నాన్న పోయిన ఏడాది ఇంటినిండా చుట్టాలు, ఏడవడానికి మూల లేదు. పావురాలకొండ ఎక్కేవాణ్ణి. పైన బౌద్ధులు వాన నీటికి రాతిలో తొలిచిన తొట్లు, కింద సముద్రం. చీకటి పడ్డాక దిగేవాణ్ణి.

గాజువాక_గిరి: సింహాచలం గిరి ప్రదక్షిణ లెక్కలోకి వస్తుందా? కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి, చెప్పుల్లేకుండా 32 కిలోమీటర్లు నడిచాను. ఉద్యోగం కోసం మొక్కు. వచ్చింది, బెంగళూరులో! ఇప్పుడు నడవడానికి టైమే లేదు.

ఐస్_యాక్స్: అది కొండ చుట్టూ తిరగడం. ఎక్కడం కాదు.

గోపాలపట్నం_మామ్మ: నాయనా, ఆ 32 ఒక్కసారి తిరిగొచ్చి అప్పుడు చెప్పు.

పాత_పుస్తకం: ఎవరెస్ట్ ఎందుకని 1923లో న్యూయార్క్‌లో విలేకరి అడిగితే, ‘అది అక్కడ ఉంది కాబట్టి’ అన్నాడట బ్రిటిష్ పర్వతారోహకుడు మాలరీ. అంతకంటే ఏం కావాలి?

మద్దిలపాలెం_కుర్రోడు: ఇదేదో బాగుందని మా ఆవిడకి చెప్పాను. ‘సింకులో గిన్నెలూ ఉన్నాయి’ అంది. తోమి వచ్చాను. షూ సంగతి ఎవరైనా చెబుతారా?